ఒక డాలరుకి రసీదు

కెల్సో ఫెర్రీ, ఒహాయో
1995 అక్టోబరు 29

మరిది ఆర్లోకి,

ఈ కవరులో ఒక డాలరు నోటు ఉంది, చూసుకో. పందెం ఓడిపోయాను. మన మనవడు టోబిన్‌ని ఈ ఏడాది బెంచీ మీద నుంచి లేపరని వేసవిలో నేనన్నాను, హాలోవీన్ పండగ లోపు లేపుతారని నువ్వన్నావు. మొన్న శుక్రవారం స్కూలు ఫుట్‌బాల్ జట్టులో బంతి విసిరే పెద్ద కుర్రాడికి కడుపునొప్పి వచ్చి అపెండిక్స్ తీశారు. కోచ్‌కి దిక్కుతోచక మనవాణ్ణి క్వార్టర్‌బ్యాక్‌గా దింపాడు. గెలిచారులే. గాలి మనవైపు వీచింది, అవతలి పిల్లలందరికీ జలుబు. అంతకు మించి ఏమీ లేదు.

డాలరు ముట్టినట్టు రసీదు పంపు. మీ అన్న హోబర్ట్ బతికున్నప్పుడు నీ దగ్గర ఏదీ ఊరికే తీసుకోలేదు, నేనూ తీసుకోను, ఎగ్గొట్టానన్న మాటా పడను.

ఇక అసలు సంగతి. టానర్ వీధిలోని నీ ఇంట్లో అద్దెకి దిగి పద్దెనిమిదేళ్ళయింది. మీ అన్న పోయి ఆరేళ్ళు. బుద్ధెరిగాక నేను పదకొండు ఇళ్ళు మారాను, మిల్లు ఎక్కడ తెరిస్తే అక్కడికి గిన్నెలు మూట కట్టుకుని. ఇది పన్నెండోది. ఇక్కణ్ణుంచి నడిచి బయటికి రాను, నలుగురు మోసుకుపోవాల్సిందే. ఇల్లు నాకు అమ్ము. స్కూలు వంటశాలలో నాకొచ్చే జీతంలో కొంచెం కొంచెం కూడబెడతాను.

ధర చెప్పేముందు ఇంటి పరిస్థితి విను. కప్పు నాలుగుచోట్ల కారుతోంది. అటక మీదకి అడవిలోని రకూన్లు వచ్చి కాపురం పెట్టాయి, ముఖానికి నల్ల గంతలు కట్టుకున్న దొంగల్లా రాత్రింబవళ్ళు దొర్లుతుంటాయి. పక్కింటి డెల్మర్ కోడిపుంజు వేళా పాళా లేకుండా కూస్తుంది. ఇలాంటి కొంపకి ఎంత అడుగుతావో నీ మనస్సాక్షికే వదిలేస్తున్నాను.

నీ వదిన,
వెర్నెల్


సాల్ట్ వెల్స్, ఆరిజోనా
1995 నవంబరు 16

వదినమ్మకి దండాలు.

నీ డాలరు అందింది. నీ చేతి డాలరు మళ్ళీ చూస్తానో చూడనో అని మొన్న పట్నం వెళ్ళినప్పుడు రసీదు పక్కాగా రాయించాను. నా దగ్గర భద్రంగా ఉంటుంది. పోస్టులో పోతే కష్టం కదా, వేళ వచ్చినప్పుడు ఇస్తాను.

ఇంటి సంగతి. అమ్ముతాను. నీకు ఊరికే ఇస్తే ఒంటికి పడదని తెలుసు కాబట్టి బేరం పెడుతున్నాను. పన్ను వేయడానికి కౌంటీ ఆఫీసువాళ్ళు పుస్తకంలో మన ఇంటికి ఎంత విలువ రాస్తే అదే ధర. నువ్వు డబ్బు పోగుచేసుకుని వచ్చిన రోజున పుస్తకంలో ఎంతుంటే అంత. ఇవాళ ముప్ఫయ్నాలుగు వేలుంది. నువ్వన్న రకూన్లకి నేను విడిగా ఏమీ వసూలు చేయను.

ఇక్కడ ఎండలు బాగున్నాయి. మా ఆవిడ పోయినప్పటి నుంచి నాతో మాట్లాడేది గుడ్డి కుక్క ఒకటే. దానికి జడ్జి అని పేరు పెట్టాను. ఏది చెప్పినా విని, ఏదీ తేల్చదు.

నీ మరిది,
ఆర్లో


కెల్సో ఫెర్రీ
1996 ఫిబ్రవరి 11

ఆర్లో,

రసీదు ఇంకా రాలేదు.

టోబిన్ సంగతి అడుగుతావని తెలుసు. చెప్పడానికేముంది, వాడికి ఏదో కాలేజీ జాలిపడి సీటిచ్చింది. కోచ్‌లు ఇద్దరు దారితప్పి మా ఇంటికొచ్చారు, వచ్చారు కదా అని కాసిని కాఫీ నీళ్ళు పోశాను. బజార్లో నలభై పౌన్ల ఆపిల్స్ ఎందుకు కొన్నానని నీకెవరైనా రాస్తే, అవి నా ఆరోగ్యానికి.

పిల్లలు కాలేజీ జట్లకి సంతకాలు పెట్టే రోజున స్కూల్లో బల్ల వేసి, దాని మీద నాలుగు కాలేజీల టోపీలు పెట్టారు. కుర్రాడు ఏ టోపీ నెత్తిన పెట్టుకుంటే ఆ కాలేజీకి పోతున్నట్టు లెక్క. వీడు వాటి వంక అయిదు నిమిషాలు చూసి, చివరికి నా వంక చూశాడు. "నన్నెందుకు చూస్తావురా, నేను టోపీని కాదు" అన్నాను. జనం నవ్వారు. వాడు నీలం టోపీ తీసి పెట్టుకున్నాడు. నాలుగు టోపీలు ఎందుకున్నాయని అడక్కు, ముచ్చటకి పెడతారు. మిగిలిన మూడూ తెచ్చి కప్పు కారేచోట బోర్లించకుండా పెట్టాను.

ఇంట్లో కొత్త బాధ, మెట్లు వంగాయి. ధర తగ్గించమని అడగడం లేదు. తెలియజేస్తున్నానంతే.

వెర్నెల్


సాల్ట్ వెల్స్
1996 మార్చి 3

వదినా,

దారితప్పిన ఇద్దరు కోచ్‌లకీ నా నమస్కారాలు. వాళ్ళలో పంతొమ్మిదో అతను కూర్చున్నప్పుడు హోబర్ట్ కుర్చీ విరిగిందని విన్నాను. గాలి మాటలే అయుంటాయి.

ఇంకో గాలి మాట. ఊళ్ళో ఇళ్ళు అమ్మిపెట్టే గ్లెండా హాచ్ నాకు ఉత్తరం రాసింది, తన ఫోటో ఉన్న క్యాలెండరు కూడా పంపింది. మన స్కూల్లో బంతి బాగా నేర్పుతారని పక్క జిల్లాల నుంచి జనం దిగుతున్నారట. వంటిల్లు చూడకముందే పెరట్లో ఈ చివర నుంచి ఆ చివరకి ఎన్ని గజాలుందో కొలుస్తున్నారట. స్కూలు సరిహద్దు టానర్ వీధి మధ్యలోంచి పోతుంది కదా, తూర్పువైపు ఇల్లయితే పడమటి ఇంటి మీద ఆరువేలు ఎక్కువ పలుకుతోందట. మనది ఏ వైపో మరిచిపోయాను. నువ్వు గుర్తు చేస్తే బాగుంటుంది.

ఆర్లో


కెల్సో ఫెర్రీ
1998 అక్టోబరు 18

ఆర్లో,

మళ్ళీ మళ్ళీ అడుగుతున్నావు కదా, మనది పడమరే. సూర్యుణ్ణి చూసే చెప్తున్నాను.

పోయిన నెల ఓ శనివారం ఆటని టీవీలో చూశానని రాశావు. నువ్వు చూసింది వేరే టోబిన్ ప్రూయిట్. పెద్ద కాలేజీలు, వేల మంది పిల్లలు, ఒకే పేరున్నవాళ్ళు ఇద్దరుండరా? మన టోబిన్ ఆ జట్టులో నీళ్ళ డబ్బాలు అందించే పనిలో ఉన్నాడు, ఆ పనిలో చాలా పేరు తెచ్చుకున్నాడు.

వీధిలో ఇళ్ళు కొనేవాళ్ళు పిచ్చివాళ్ళు. నిన్న ఒకాయన తన పన్నెండేళ్ళ కొడుకుని వెంటేసుకుని వచ్చి మన పెరట్లో చెట్టుకి వేలాడే టైరుని ఫోటో తీసుకున్నాడు. "దీంట్లోంచేనా అతను విసరడం నేర్చుకుంది?" అన్నాడు. "అది మా అల్లుడి కారు టైరు. పిల్లనీ కారునీ తీసుకుపోయాడు, ఇదొక్కటీ మరిచిపోయాడు" అన్నాను. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని టైరుని తాకి వెళ్ళాడు. గుళ్ళో దేవుడికి కూడా ఇంత మర్యాద జరగడం నేను చూడలేదు.

డాలరు రసీదు మూడేళ్ళయింది. ఆరిజోనాలో కాగితం దొరకదా?

వెర్నెల్


సాల్ట్ వెల్స్
1998 నవంబరు 8

వదినా,

నిజమే, ఇద్దరు టోబిన్‌లుండొచ్చు. ఆ రెండోవాడు కూడా ఎడంచేత్తోనే విసురుతున్నాడు, విసిరేముందు కుడిచెవి గోక్కుంటున్నాడు, గెలిచాక కెమెరాలోకి చూసి "అమ్మమ్మా, అన్నం తిన్నావా" అని అడుగుతున్నాడు. వాడి అమ్మమ్మ ఎవరోగానీ అదృష్టవంతురాలు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంటే చూడటానికి నాకు మహా సరదా. కళ్ళు మాత్రం తెరవకు.

గ్లెండా మళ్ళీ రాసింది. మన ఇంటికి డెబ్బయి వేలు ఇస్తామని ఒకాయన ముందుకొచ్చాడట, టైరుతో సహా. టైరు లేకపోతే అరవయ్యారు. ఆలోచించి చెప్తానన్నాను.

నువ్వు మాత్రం కంగారు పడకు. మన బేరం కౌంటీ పుస్తకంతోనే. పుస్తకంలో ఇంకా ముప్ఫయ్నాలుగే ఉంది. వాళ్ళు మళ్ళీ విలువ కట్టడానికి వచ్చేలోపు నీ డబ్బు పోగయితే చాలు.

ఆర్లో


కెల్సో ఫెర్రీ
1999 సెప్టెంబరు 27

ఆర్లో,

ఈ ఉత్తరంలో వేళాకోళం లేదు. శనివారం వాడి మోకాలు తిరిగింది. నువ్వు చూసే ఉంటావు. వాణ్ణి బండి మీద తీసుకుపోతుంటే ఎనభైవేల మంది లేచి నిలబడ్డారు. నేను ఇక్కడ వంటింట్లో టీవీ ముందు గరిటె పట్టుకుని నిలబడిపోయాను. కూర మాడిపోయింది.

విరగలేదట. ఆరు వారాలు కట్టు. డాక్టరు ఫోన్లో చెప్పగానే నేను కుర్చీలో కూలబడి ఏడ్చాను. వాడు నీళ్ళ డబ్బాలు అందించే కుర్రాడు కాదు ఆర్లో. ఇన్నాళ్ళూ నీ చెవిలో పువ్వు పెట్టాను. వాడు ఆడుతుంటే ఊరు వెలుగుతుంది, ఊరు వెలిగితే ఇంటి ధర పెరుగుతుంది. వాడు బంతి విసిరినప్పుడల్లా ఒక కన్ను సంతోషిస్తుంది, ఇంకో కన్ను గ్లెండా క్యాలెండరు మీదకి పోతుంది. సొంత మనవడు గెలుస్తుంటే గుండె గుబేలుమనే అమ్మమ్మని నేనొక్కదాన్నే అయుంటాను.

ఇల్లు ఎందుకు కావాలో నీకు సగమే చెప్పాను. వాడి తల్లి వాణ్ణి నాలుగో ఏట ఈ గుమ్మంలో దింపి వెళ్ళింది, మన ఇంటిపేరే పెట్టి పెంచాను. వచ్చే ఏడు డబ్బిచ్చి ఆడించే వృత్తి జట్లవాళ్ళు వాణ్ణి తీసుకుంటారంటున్నారు. తీసుకోనీ. చెయ్యీ మోకాలూ ఎముకలే కదా, అవి ఎన్నాళ్ళుంటాయి? అవి వాణ్ణి వదిలేసిన రోజున తిరిగి రావడానికి ఒక తలుపు ఉండాలి. వాడి డబ్బుతో కొన్న తలుపు కాదు. ఆ డబ్బు పోయినా పోని తలుపు. దానికే ఈ ఆరాటం.

ముప్ఫయ్యొక్క వేలు పోగయింది. ఇంకో మూడు. వేసవికి తెస్తాను.

వెర్నెల్


సాల్ట్ వెల్స్
2000 జనవరి 9

వదినా,

మోకాలు కుదిరి మళ్ళీ ఆడాడు, చూశాను. ఆ రోజు జడ్జిని ఎత్తుకుని గదంతా తిరిగాను. అది నన్ను కరిచింది.

చెప్పక తప్పని మాట ఒకటుంది. కౌంటీవాళ్ళు మళ్ళీ విలువ కట్టారు. కాగితం నిన్న వచ్చింది. తొంభయ్యొక్క వేలు. కొనడానికి వచ్చినవాళ్ళు ఇచ్చిన ధరలు చూసి వీధి మొత్తానికి పెంచేశారట.

బేరం పక్కన పెట్టేద్దాం. పాత ధరకే తీసుకో. కాదంటే అసలు ఊరికే తీసుకో. పంతానికి పోకు వదినా, ఈ ఒక్కసారి నా మాట విను.

ఆర్లో


(కార్డు)
కెల్సో ఫెర్రీ
2000 జనవరి 17

ఆర్లో,

జాలి నాకొద్దు. పుస్తకంలో ఎంతుంటే అంత అని నువ్వన్నావు, సరేనని నేనన్నాను. మాట మాటే. పుస్తకం సంగతి నేను చూసుకుంటాను.

వె.


కెల్సో ఫెర్రీ
2000 మార్చి 23

ఒరే దొంగా,

మరిదివని గౌరవమిచ్చే రోజులు నిన్నటితో అయిపోయాయి. కూర్చుని చదువు. గుండె జబ్బుంటే మాత్రలు పక్కన పెట్టుకో.

ఇంటికి విలువ ఎక్కువ కట్టారనుకుంటే మార్చి నెలాఖరులోపు కౌంటీ ఆఫీసులో ఫిర్యాదు పెట్టుకోవచ్చు, విచారణ జరుగుతుంది. కాకపోతే ఇంటి సొంతదారే పెట్టాలి. జనవరిలోనే వెళ్ళాను. 'సొంతదారు' అని ఉన్నచోట నా పేరు రాసి సంతకం పెట్టాను. అరవయ్యెనిమిదేళ్ళలో దొంగ సంతకం అదే మొదటిది. కిటికీ అవతల పిల్ల కాగితం చూసింది, పుస్తకం చూసింది, ముద్ర కొట్టింది. ఒక్క ప్రశ్న అడగలేదు. నా నటనకి నేనే మెచ్చుకుంటూ దారిలో ఐస్‌క్రీం తిన్నాను.

నిన్న విచారణ. పొడుగు బల్ల, దాని వెనక ముగ్గురు. మధ్యలో మిసెస్ కోబ్ అనే ఆవిడ, ముక్కు మీద కళ్ళజోడు, నవ్వితే జీతం కోస్తారన్నట్టు ముఖం. వెనక కుర్చీల్లో పది మంది. అందులో మన పక్కింటి డెల్మర్. ఇల్లు అమ్మకానికి పెట్టాడు కదా, వీధి ధరల గురించి ఎవరేమంటారో విందామని వచ్చాడు. గెజిట్ పత్రికవాడు కూడా ఓ మూల పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు.

"మీ ఇంటి విలువ ఎందుకు తగ్గించాలి?" అని అడిగింది.

"అమ్మా, అది ఇల్లు కాదు, శిక్ష" అని మొదలుపెట్టాను. కప్పు చెప్పాను, మెట్లు చెప్పాను, వాన పడితే నేను పళ్ళెం పట్టుకుని ఏ గదిలో నిలబడతానో బొమ్మ గీసి చూపించాను.

"రకూన్లు ఉన్నాయని రాశారు. ఎన్ని?"

"ఓటు హక్కున్నవి ఆరు. పిల్లల్ని లెక్కపెట్టలేదు."

పక్కనున్న ముసలాయన దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడ మాత్రం కదల్లేదు. "కోడిపుంజు?"

"పక్కింట్లో ఉందమ్మా. మధ్యాహ్నం రెండింటికి కూస్తుంది. నా నిద్ర పోయింది, ఆరోగ్యం పోయింది."

వెనక నుంచి డెల్మర్ లేచాడు. "వెర్నెల్, నా కోడి చచ్చి రెండేళ్ళయింది. దాన్ని వండుకుంటే నువ్వే వచ్చి తొడ ముక్క తిన్నావు."

"ఇప్పుడు కూసేది దాని ఆత్మ" అన్నాను. వెనక్కి తగ్గితే ఇల్లు పోతుందే మరి, ఏం చేయమంటావు?

మిసెస్ కోబ్ కాగితాలు తిరగేసింది. "మిసెస్ ప్రూయిట్, ఇంత పాడు ఇల్లు మీరు 1995 నవంబరులో తెలిసి తెలిసి ఎందుకు తీసుకున్నారు?"

దొరికిపోయాననుకున్నాను. ఇంక అబద్ధం ఆడే ఓపిక లేక నిజం చెప్పేశాను. "నేను తీసుకోలేదమ్మా. నేను అద్దెకున్నదాన్ని. ఇల్లు మా మరిదిది. తొంభయ్యొక్క వేలయితే ఈ జన్మలో కొనలేను, అందుకని సొంతదారునని అబద్ధం రాశాను. జైల్లో వేస్తే వేయండి, కానీ ముందు ధర తగ్గించండి. జైల్లో కప్పు కారదు కదా, నాకేం బెంగ లేదు."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఒక కాగితాన్ని నావైపు తిప్పింది. "ఇది మీ ఇంటి పత్రం. మీరే చదవండి."

చదివాను. ఆర్లో ప్రూయిట్ అనే నేను, మా అన్న భార్య వెర్నెల్ ప్రూయిట్‌కి, ఆమె నా చేతికి ముట్టజెప్పిన ఒక డాలరుకీ, ప్రేమాభిమానాలకీ బదులుగా, టానర్ వీధి తూర్పువైపు ఇంటిని శాశ్వతంగా రాసిచ్చాను. 1995 నవంబరు 14.

తూర్పువైపు అని మరీ రాయించావు.

అక్కడే కూర్చుండిపోయాను. నాలుగేళ్ళుగా నా ఇంటిని నేనే తిట్టుకున్నాను. నా ఇంటికి నేనే అద్దె కట్టాను. నా ఇంటి పక్కనే దెయ్యం పట్టిన కోడి ఉందని ఊరందరి ముందు నా నోటితోనే చెప్పాను. మిసెస్ కోబ్ నాకు మంచినీళ్ళు తెప్పించింది. అప్పుడు నవ్వింది చూడు, ముగ్గురూ బల్ల మీద పడి నవ్వారు. విలువ నలభైరెండు వేలకి తగ్గించారు. "ఆత్మకి ప్రత్యేకంగా రెండువేలు తీసేశాం" అన్నాడు ముసలాయన.

నాకు సమాధానం కావాలి. ఊరికే తీసుకోనని ఎన్నిసార్లు చెప్పాను? ఎందుకు చేశావు? చేసినవాడివి ఎందుకు చెప్పలేదు?

వెర్నెల్


సాల్ట్ వెల్స్
2000 ఏప్రిల్ 4

వదినా,

ఊరికే ఎక్కడిచ్చాను? డాలరు పంపావు. అడక్కుండానే పంపావు కూడా. రసీదు ఏదీ ఏదీ అని నాలుగేళ్ళు నా ప్రాణం తోడావు, ఇదిగో ఈ కవరులో అసలు పత్రం ఉంది. అదే రసీదు. నేను మాట తప్పలేదు.

నీ మొదటి ఉత్తరం చదివిన మర్నాడే రాయించి కౌంటీ పుస్తకంలోకి ఎక్కించాను, పన్ను కాగితాలు మాత్రం నాకే పంపమన్నాను. పదకొండు ఇళ్ళు మారాను అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. మా అన్న మిల్లులో పన్నెండు గంటలు పనిచేసి నన్ను చదివించాడు. నేను ఇల్లు కొన్నాను, ఆయన నాకు అద్దె కట్టాడు. అద్దె ఇచ్చేటప్పుడు ఒక్కనాడూ ముఖం చిన్నబుచ్చుకోలేదు. చిన్నబుచ్చుకోవాల్సింది నేను. నువ్వు కట్టిన అద్దెతో పన్ను కట్టాను. మిగిలింది తెలియకుండా నీ కప్పు కిందే పెట్టాను. రెండేళ్ళ కిందట 'తుఫానుకి బీమావాళ్ళు వేయించారు' అని నేను చెప్పిన కొత్త కప్పు గుర్తుందా? ఏ బీమావాడూ వేయించలేదు. ఆ తరవాత కూడా అది కారుతోందని విచారణలో బొమ్మ గీసి చూపించావు. నవ్వలేక చచ్చాను.

అవును, గెజిట్ పత్రిక నాకు మొదటి నుంచీ పోస్టులో వస్తోంది, నాలుగు రోజులు ఆలస్యంగా. పంతొమ్మిది మంది కోచ్‌లూ, విరిగిన కుర్చీ, అన్నీ అందులోనే చదివాను. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు వదినా.

ఎందుకు చెప్పలేదన్నావు. మొదట, నువ్వు డబ్బుతో వచ్చిన రోజున పత్రం బల్ల మీద పెట్టి నీ ముఖం చూడాలనుకున్నాను. ఆ సరదా కోసమే. తరవాత కారణం మారింది. ఈ ఇసకలో నాకు ఉత్తరాలు రాసేది ఇద్దరే, నువ్వూ గ్లెండా. గ్లెండా ఇల్లు అమ్మితే మానేస్తుంది. ఇల్లు నీదని చెప్పేస్తే నువ్వూ మానేస్తావనుకున్నాను. నీకు నాతో ఇంకేం పని ఉంటుంది? నెలల తరబడి పోస్టుమాను బండి కోసం చూసేవాణ్ణి. రకూన్లు పెళ్ళిళ్ళు చేసుకున్నాయా, మెట్లు ఎటు వంగాయి, ఇదే నా బతుకు. మోకాలి ఉత్తరం వచ్చినప్పుడు చెప్పేయాల్సింది. పెన్ను పట్టుకున్నాను. చెప్తే ఇదే ఆఖరు ఉత్తరమవుతుందని భయమేసింది. పిరికివాణ్ణి. నిన్ను అంత బాధపెట్టినందుకు చెప్పు తీసుకుని కొట్టు, పడతాను.

తిడుతూనైనా రాస్తూ ఉండు.

ఆర్లో


కెల్సో ఫెర్రీ
2000 ఏప్రిల్ 18

ఆర్లో,

పత్రం అందింది. ఫ్రేము కట్టించి హోబర్ట్ ఫోటో పక్కన పెట్టాను. రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

ఊరి కబుర్లు ముందు. గెజిట్‌వాడు విచారణ మొత్తం అచ్చేశాడు, రకూన్ల ఓటు హక్కుతో సహా. డెల్మర్ ఇల్లు కొనబోయినవాడు అక్కడ దెయ్యం కోడి ఉందని చదివి పారిపోయాడు. వీధిలో ధరలు ఒక్క నెలలో పదివేలు పడ్డాయి. గ్లెండా నన్ను చూస్తే అటువైపు తిరిగి నడుస్తోంది. డెల్మర్ వారం మాట్లాడలేదు, ఆపిల్ పై ఇచ్చాక "అమ్మకపోయినా మంచిదే అయిందిలే, మిన్నెసోటాలో చలి" అన్నాడు. కొడుకు దగ్గరికి పోవడం వాడికీ ఇష్టం లేదు పాపం. తూర్పువైపు అద్దెకిచ్చే ఇంటి కోసం తిరుగుతున్న మిల్లు కుటుంబం ఒకటి మన వరసలోనే ఓ ఇంట్లో దిగింది. పడ్డ ధరల వల్ల దొరికిందట. నా నోటివల్ల ఒక మంచి పనీ జరిగింది.

ఇక మన పిల్లాడు. శని ఆదివారాల్లో వృత్తి జట్లవాళ్ళు వంతులవారీగా కుర్రాళ్ళని ఏరుకున్నారు. మొదటి రోజు పిలవలేదు. రెండో రోజు నాలుగో విడతలో, మోకాలు చూసి భయపడ్డవాళ్ళంతా వదిలేశాక, మంచు ఊరి జట్టువాళ్ళు పిలిచారు. ఫోను ఇక్కడే మోగింది, మన వంటింట్లో. వాడు "సరే సార్, సరే సార్" అని పెట్టేసి గోడకి ఆనుకున్నాడు. తరవాత నాతో, "అమ్మమ్మా, మొదటి డబ్బు రాగానే నీకు చెరువు పక్కన పెద్ద ఇల్లు కొంటాను" అన్నాడు. ఆటగాళ్ళంతా తల్లికో అమ్మమ్మకో ముందు ఇల్లే కొంటారు, తెలుసుగా.

గోడ మీది ఫ్రేము చూపించాను. వాడు చదివాడు, రెండుసార్లు. "అయితే నేను ఓడిపోతే ఇక్కడికే రావచ్చా?" అన్నాడు. ఇరవై రెండేళ్ళవాడు, ఆరడుగుల నాలుగంగుళాలు, నాలుగేళ్ళప్పుడు సంచీ పట్టుకుని ఎలా అడిగాడో అలాగే అడిగాడు. "గెలిచినా రావచ్చురా వెధవా, చెప్పులు మాత్రం బయట విప్పు" అన్నాను. ఇద్దరం ఏడ్చాం. ఫోను మళ్ళీ మోగింది, తీయలేదు.

నువ్వు పిరికివాడివే. నేను ఉత్తరాలు మానేస్తానని ఎలా అనుకున్నావు? ఇల్లు ఒక్కటే అయితే మొదటి ఏడాదే రాయడం మానేసేదాన్ని. నా చేత నాలుగేళ్ళు అద్దె కట్టించుకున్నందుకు కోపం ఇంకా పోలేదు, దానికి ప్రతీకారం ఆలోచించాను.

కింది ముందుగది ఖాళీగా ఉంది. మెట్లు ఎక్కక్కర్లేదు. అద్దెకిస్తాను. ఇంటి పరిస్థితి ముందే చెప్తున్నాను, తరవాత మోసం చేశాననకు: రకూన్లు ఆరు, కోడి ఆత్మ ఒకటి, అన్నీ కౌంటీ పుస్తకంలో ముద్రతో సహా ఉన్నాయి. జడ్జికి ఎలాగూ కళ్ళు కనపడవు, వాటితో దానికి గొడవ లేదు. టోబిన్ మొదటి మ్యాచ్ సెప్టెంబరులో, నా పక్కన కుర్చీ ఉంది. హోబర్ట్‌ది, బాగుచేయించాను.

అద్దె నెలకి ఒక డాలరు. బేరమాడకు. మొదటి నెలది కవరులో పెట్టి ముందే పంపు. రసీదు నా దగ్గర భద్రంగా ఉంటుంది, వేళ వచ్చినప్పుడు ఇస్తాను.

ఇంటి యజమానురాలు,
వెర్నెల్ ప్రూయిట్